పోస్టులో వచ్చిన కుజుడు

అరిజోనాలో తెలుగువాళ్లింటికి భోజనానికెళితే ముందు ఇల్లు చూపిస్తారు. మా బావగారు రాయి చూపిస్తారు. చిన్న ప్లాస్టిక్ డబ్బా తెరిచి, భూతద్దం చేతికిచ్చి, "తుమ్మకండి" అంటారు. లోపల ఆవగింజలో సగం. అంగారకుడి ముక్కట!

బరువు గ్రాముల్లో అడిగితే నొచ్చుకుంటారు, మిల్లీగ్రాముల్లో అడగాలి. ఇక వంశం విషయంలో ఆయన పెళ్లిళ్ల పేరయ్యే: షెర్గొటైటా, నఖ్లైటా, చాసిగ్నైటా? 1865 ఆగస్టు 25న బీహారులోని షేర్‌ఘాటీలో పడిన రాయి వల్ల షెర్గొటైట్లకు ఆ పేరొచ్చింది కాబట్టి అవి "మనవాళ్లు". పడుతుండగా జనం చూసిన రాయైతే మంచి సంబంధం. సహారాలో ఏరుకొచ్చి నంబరు తగిలించినదైతే పెదవి విరుస్తారు. విరుస్తూనే కొంటారు, చవక కదా! 1911లో ఈజిప్టులోని నఖ్లాలో రాళ్లు పడ్డప్పుడు ఒకటి తగిలి కుక్క చచ్చిందని ఓ కథ. సాక్ష్యం లేదని ఆయనకీ తెలుసు. అయినా ఆ కుక్క ప్రస్తావన వస్తే గొంతు పూడుకుపోతుంది.

"అంగారకుడిదేనని ఎలా తెలుసు?" అని మాత్రం అడక్కండి, పప్పు చల్లారిపోతుంది. అంటార్కిటికాలో దొరికిన ఒక రాతి గాజులో చిక్కుకున్న వాయువులు, 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద కొలిచిన గాలితో సరిపోయాయి. అక్కడ మొదలెడతారు. షెర్గొటైటులో ఫెల్డ్‌స్పార్ ఢీకొన్న దెబ్బకు గాజులా మారితే మాస్కెలినైట్ అంటారనేసరికి పెరుగన్నంలోకొస్తాం. చెయ్యి ఎండిపోతుంది.

ఊరినుంచి వచ్చే బంధువులు సూట్‌కేసుల్లో నల్లరాళ్లు తెస్తారు. ఆయన అయస్కాంతం తీస్తారు. అంగారక శిలల్లో లోహపు ఇనుము దాదాపు ఉండదు, మామూలు ఉల్కల్లా టక్కున అతుక్కోవు. బంధువుల రాయి అతుక్కుంటే ఆశగా అరగదీసి చూసి, "ఇనుప చిట్టెం" అని తీర్పిస్తారు. తెచ్చినాయన ముఖం చిట్లిపోతుంది.

ప్రతి ఫిబ్రవరిలోనూ టూసాన్ రాళ్ల సంతకి పరుగు. "జాతకంలో కుజదోషం లేదనే మా నాన్న ఇచ్చి చేశాడు," అంటుంది అక్క, "పోస్టులో వస్తుందని ఏ సిద్ధాంతి చెప్పాడు?"

2025 జూలైలో, నైజర్‌లో దొరికిన 24.67 కిలోల అంగారక శిల న్యూయార్కు వేలంలో సుమారు 53 లక్షల డాలర్లకు పోయింది. ఆ రాత్రి బావగారికి ముద్ద దిగలేదు.

"అంత లావు రాయిలో నాజూకేముంటుందోయ్?" అన్నారు నాతో. "భూతద్దంతో పనే లేదు!"