కర్టిస్ సోదరుల ఇల్లు

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం, టల్సా ఊళ్లో ఒక పాత ఇంటిని నేను. 1982లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా సినిమా తీయడానికి వచ్చి నన్ను కర్టిస్ సోదరుల ఇల్లు చేశాడు. ఆ ముగ్గురూ 1967లోనే ‘ది అవుట్‌సైడర్స్’ నవలలో పుట్టారు. ఈ ఊరి పిల్లే, ఎస్.ఇ. హింటన్, పదిహేనేళ్ల వయసులో ఆ కథ మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే హింటన్ వాళ్ల నాన్న మెదడు క్యాన్సర్‌తో పోయాడు. కథలో కర్టిస్ పిల్లల అమ్మానాన్నలు కారు ప్రమాదంలో ఒకేసారి పోతారు. ఆ దుఃఖం ఊహించి రాసింది కాదనే నా నమ్మకం.

పెద్దవాడు డ్యారీకి ఇరవయ్యేళ్లు. కాలేజీ ఆశ వదులుకుని ఇళ్లకు పైకప్పులు వేసే పనికి పోతాడు. పైకప్పు సరుకు రెండు కట్టలు ఒకేసారి మోసి నడుం పట్టేస్తే, తమ్ముడు సోడాపాప్ మర్దన చేస్తాడు. సోడా కూడా చదువు మానేసి పెట్రోలు బంకులో చేరాడు. చిన్నవాడు పోనీబాయ్‌కి పద్నాలుగు. ఏ గొడవలో ఇరుక్కున్నా తమ్ముళ్లను సర్కారు శరణాలయానికి పంపేస్తుందని డ్యారీ భయం. ఆ భయమంతా తిట్లుగా బయటికొచ్చేది. ఇంట్లో అలిగి వచ్చిన స్నేహితుడెవడైనా పడుకుంటాడని నా వీధి తలుపుకి తాళం వేయని పిల్లలు, తమలో తాము మాత్రం మనసు విప్పుకోలేకపోయారు.

ఒక రాత్రి డ్యారీ పోనీబాయ్ మీద చెయ్యి చేసుకున్నాడు. వాడు పారిపోయాడు. తర్వాత ఆస్పత్రిలో అన్న కన్నీళ్లు చూశాకే అతని ప్రేమ వాడికి అర్థమైంది. అమ్మానాన్నలు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి అతను.

నాకు సోడా మీద మరీ బెంగ. అందరినీ నవ్విస్తాడు కాబట్టి వాడికేం బాధ ఉండదనుకున్నారు. ఇద్దరి తగువుల మధ్య నలిగి నలిగి, చివరికి వాడే ఇంట్లోంచి పరుగెత్తాడు.

1983లో విడుదలైన సినిమాలో అన్నదమ్ముల ఘట్టాలు చాలా కత్తిరించారు. పుస్తకం చదివిన పిల్లలు అవి కావాలని అడుగుతూ వచ్చారు. 2005లో సుమారు 22 నిమిషాలు తిరిగి చేర్చారు. ఆ పిల్లలకు నేను రుణపడ్డాను.

శిథిలమైపోతున్న నన్ను డానీ ఓకానర్ అనే ర్యాప్ గాయకుడు కొని బాగుచేయించాడు. 2019 నుంచి మ్యూజియాన్ని. వచ్చినవాళ్లు ఎక్కువగా పోనీబాయ్‌నే తలుచుకుంటారు. వాళ్లలో అమ్మో నాన్నో లేని ఇంటికి పెద్దకొడుకో పెద్దకూతురో ఉంటే, కాసేపు కూర్చోమనాలనిపిస్తుంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎలా ఉన్నారని అందరూ అడిగే ఉంటారు. నువ్వెలా ఉన్నావని నేను అడగాలి.