గుజిరీ నుంచి వచ్చినదాన్ని

నాకు పుట్టినూరు ఒకటి కాదు. నా 40 పిన్నుల సాకెట్టు పాడైన మదర్‌బోర్డు మీదిది. నా ప్రోగ్రామును దాచుకునే ఈప్రామ్ చిప్పు ఒకప్పుడు పీణ్యలో ఏదో ఫ్యాక్టరీ మిషన్‌ను నడిపింది. 74 శ్రేణి చిప్పులు పాత ప్రింటర్లలోవి. బెంగళూరు టౌన్‌హాల్ దగ్గర ఎస్పీ రోడ్డు సందుల్లో, గుజిరీ కుప్పల్లోంచి వీటిని ఏరి, టంకం కరిగించి ఊడదీసి, కొత్త బోర్డు మీద మళ్ళీ టంకం పెట్టి నన్ను నిలబెట్టారు. పాత కంప్యూటర్‌కు డిస్కును అమర్చిపెట్టే కార్డును నేను.

నన్ను చేసినాయన మారతహళ్ళిలో ఉంటారు. సొంతూరు హిందూపురం వైపు. వాళ్ళ నాన్న బడిపంతులు. తిరగలి పాటలు, కలుపు పాటలు ఆడవాళ్ళ నోట విని, తొంభైల్లో ఒక ఎక్స్‌టీ క్లోన్‌లో టైపు చేసి 360 కేబీ ఫ్లాపీల్లో దాచారు. 1983లో ఐబీఎం తెచ్చిన ఎక్స్‌టీ నమూనాలో తయారైన యంత్రం అది. దాని హార్డ్‌డిస్కు ఎప్పుడో ఆగిపోయింది. ఫ్లాపీ డ్రైవు మాత్రం తిరుగుతోంది. ఆ పాటలను ఈ కాలపు ల్యాప్‌టాప్‌లోకి చేర్చడానికి దారి కావలసి వచ్చింది. అందుకే నేను పుట్టాను.

ఎక్స్‌టీ స్లాటులో ఒక్కసారికి 8 బిట్లే పడతాయి. ఐడీఈ అనే పద్ధతిలో పనిచేసే డిస్కు ఒకేసారి 16 బిట్లు ఇస్తుంది. రెండు బిందెలతో ఇరుకు గుమ్మం దగ్గరికొచ్చిన మనిషి ఒకటి దించి, రెండోది లోపల పెట్టి వచ్చి, దించినదాన్ని తీసుకుపోయినట్టు, నా లాచ్ చిప్పు పై 8 బిట్లను పట్టి ఉంచుతుంది. కింది 8 బిట్లు వెళ్ళాక వాటిని అందిస్తుంది.

ఈప్రామ్ నెత్తిన చిన్న క్వార్ట్జ్ కిటికీ ఉంది. దాన్ని అతినీలలోహిత కాంతి కింద ఉంచితే లోపలి ప్రోగ్రామంతా చెరిగిపోతుంది. అలా ఫ్యాక్టరీ పాఠం చెరిపి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఎక్స్‌టీ ఐడీఈ యూనివర్సల్ బయాస్ అనే ప్రోగ్రామును రాశారు. దాని మొదటి రెండు బైట్లు 55, ఏఏ. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు ఆ గుర్తును చూసి నా ప్రోగ్రామును నడుపుతుంది.

నా డిస్కు ఒక పాత డిజిటల్ కెమెరాలోని కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. ఐడీఈ పద్ధతిలో పనిచేయడం దానికి పుట్టుకతోనే వచ్చు. మధ్యలో ఇంకో చిప్పు అక్కర్లేదు, తీగలు సరిగ్గా కలిపితే చాలు. ఆ పాత కంప్యూటర్‌ను నడిపే డాస్ 3.3 ఒక పార్టిషన్‌కు 32 ఎంబీకి మించి ఒప్పుకోదు. అయినా అందులో దాదాపు 90 ఫ్లాపీలు పడతాయి. బూజు పట్టిన కొన్ని ఫ్లాపీలు చదవడానికి లొంగలేదు. మిగతావన్నీ నాలోకి వచ్చాయి. ఆ ఫ్లాష్ కార్డును తీసి ల్యాప్‌టాప్ రీడర్‌లో పెడితే ఫైళ్ళన్నీ కనిపించాయి.

కానీ అక్షరాలు కనిపించలేదు. పంతులుగారు టైపు చేసింది ఇస్కీలో. 1991 నాటి ఆ భారతీయ ప్రమాణంలో ‘క’ అంటే 179. అది తెలుగు క అయినా, కన్నడ క అయినా అదే సంఖ్య. యూనికోడ్‌లో రెండింటికీ వేర్వేరు స్థానాలున్నాయి. ఆ సంఖ్యలను ఒక్కొక్కటిగా మార్చే చిన్న ప్రోగ్రాము రాశాక, తెర మీద తిరగలి పాట తెలుగులో వచ్చింది.

“ఇది మా అత్త పాడిందిరా,” అన్నారు పెద్దాయన.

“ఇంకోసారి చదువు నాన్నా, రికార్డు చేస్తాను,” అన్నారు కొడుకు.

నా ఒంట్లోని చిప్పులన్నిటినీ ఒకసారి చెత్తగా లెక్కగట్టారు. చెడిపోయింది అవి ఉన్న యంత్రాలు. చిప్పులు బాగానే ఉన్నాయి. వాటిని ఆమ్లంలో ముంచితే దొరికేది రవ్వంత బంగారం, మిగిలేది నేలకూ నీటికీ విషం. అవే చిప్పులు ఒక పల్లె గొంతును మళ్ళీ వినిపించాయి. ఇంతకంటే మంచి వాడకం నాకు తోచదు.

అటక మీద ఫ్లాపీలున్న ప్రతి ఇంటికీ నా మాట ఒకటే. తేమ, బూజు మీకోసం ఆగవు. ఈ ఏడే దించి చూడండి. నా బోర్డు బొమ్మ, ఏ చిప్పు ఎందులో దొరుకుతుందో రాసిన కాగితం నన్ను చేసినాయన అడిగినవాళ్ళందరికీ ఇస్తున్నారు. నాలాంటి ఇంకో కార్డుకు కావలసిన చిప్పులు ఎస్పీ రోడ్డు కుప్పల్లో ఇంకా ఉన్నాయి. ఆమ్లపు తొట్టికి చేరకముందే వాటిని ఏరుకోండి.