వెలివేయబడిన వేరు

ఉత్తర అమెరికా తూర్పుభాగమున, అడవుల అంచులయందును, సేద్యము మానిన పొలములయందును పెరుగు సాసఫ్రాస్ వృక్షమను నేను. ఒకే కొమ్మపై మూడు తీరుల ఆకులను ధరించు నా చాపల్యమునకు మీరు నవ్వవచ్చును గాని, నా వంశము తక్కువది కాదు. కర్పూరవృక్షమును, దాల్చినచెట్టును నా జ్ఞాతులే.

నా వేరును కషాయము కాచుట ఆ నేలలోని ఆదివాసులకు పూర్వమునుండియు తెలియును. సెవిల్లా నగరవైద్యుడగు మొనార్డెస్ 16వ శతాబ్దమున నన్ను కీర్తించుటతో ఐరోపాలో నాకు గిరాకి పుట్టెను. 1602లో గాస్నల్డ్ అను ఆంగ్లనావికుడు న్యూ ఇంగ్లండు తీరమునుండి నన్ను ఓడ కెక్కించుకొని పోయెను. సవాయిరోగమునకు నేను మందునని వారి నమ్మకము. కానని చెప్పుదునన్నను, కట్టెమాట వినువారెవరు?

నా నిజమైన యశస్సు రూట్ బీరు వలన కలిగినది. నా వేరును, బిర్చి బెరడును కాచి, తీపి చేర్చి, ఈస్టుతో పులియబెట్టుట గృహిణులెరిగిన విద్యయే. ఫిలడెల్ఫియా మందులవర్తకుడగు చార్లెస్ హైర్స్ ఆ దినుసులను పొట్లములుగట్టి, 1876 నాటి అమెరికా స్వాతంత్ర్య శతవార్షిక ప్రదర్శనము తరువాత దేశమంతట వ్యాపింపజేసెను. ఇరువదియైదు సెంట్ల పొట్లముతో అయిదు గాలనుల పానీయము సిద్ధమయ్యెడిది. ఆయన మద్యవిరోధియే. అయినను పేరులోని బీరునకు హడలి మద్యనిషేధోద్యమ స్త్రీలు దానిని కొంతకాలము బహిష్కరించిరి. 1919లో కాలిఫోర్నియాలోని లోడై పట్టణమున రాయ్ ఆలెన్ చల్లని గాజుకోపులలో దానిని అమ్మజొచ్చెను. పిమ్మట మద్యనిషేధము వచ్చి, సారాయంగళ్లు మూతపడగా, నా గిరాకి మరింత హెచ్చినది. ఐస్‌క్రీము తేలు ఆ నురుగు క్రింద ఉన్నది నేనని ఎంత గర్వపడితినో!

1960లో పిడుగు పడినది. నా వేరుతైలములోని సాఫ్రోల్ అను ద్రవ్యమును అధికముగా తినిపింపగా ఎలుకల కాలేయములందు కంతులు పుట్టినవని, అమెరికా ఆహారౌషధశాఖ దానిని ఆహారమున చేర్చరాదని శాసించెను. శాస్త్రమును నేనాక్షేపింపను. కాని అదే సాఫ్రోల్ లేశముగానైనను జాజికాయలోనున్నది, మిరియములోనున్నది. వారిని వంటయింటినుండి ఎవరును గెంటలేదు. ఇన్ని తరములు ఊడిగము చేసిన నన్ను మాత్రము, వీడ్కోలైనను చెప్పక వెడలగొట్టి, వింటర్‌గ్రీన్ తైలమును, వనిల్లాను, ప్రయోగశాలలో కూర్చిన నా నకలును నా పీటపై కూర్చుండబెట్టిరి. సాఫ్రోల్ తొలగించిన నా సారమును వాడువారును కలరు. అనగా శవమునకు సన్మానము! త్రాగువారిలో నాకై కంటతడి పెట్టినవారిని నేనెరుగను. నేటికిని వేసవిదినముల పిల్లలు పెద్దలు నురుగు మీసములతో రూట్ బీరును గ్రోలుచు, బాల్యపురుచి యని మురియుచునేయున్నారు.

ఆకులలో సాఫ్రోల్ మిక్కిలి స్వల్పము గనుక లూసియానావారు వానిని ఎండబెట్టి, పొడికొట్టి, గంబో అను పులుసులో చల్లుకొందురు. వేరునకు వెలి, ఆకునకు విందు.

ఇక తెలుగునాటినుండి వచ్చిన యువకులు కొందరు రూట్ బీరు తొలిగ్రుక్కకే ముఖము చిట్లించి, ఇది నొప్పులకు రాచుకొను మందువాసన యందురు. వారి ముక్కు తప్పుచెప్పలేదు. వింటర్‌గ్రీన్‌కు పరిమళమిచ్చు మిథైల్ సాలిసిలేటే ఆ లేపనములందును ఉండును. నేను గెంటివేయబడిన పిమ్మట మరింత బలిసిన ఆ వాసనను నాకు అంటగట్టవలదని మాత్రము నా మనవి.