ఎనభై ఏడో వంతు రహమత్ నగర్

రైలు పిచ్చి ఉన్నవాళ్ళకు బస్సంటే చిన్నచూపు. ఏ దేశంలో చూసినా అంతే. బల్ల మీద పట్టాలు పరుస్తారు, సిగ్నళ్ళు నిలబెడతారు, సొరంగం తొలుస్తారు, ఇంజను పొగ వదిలే ఏర్పాటు కూడా చేస్తారు. అంతా అయ్యాక రోడ్డు బోసిగా ఉందని తోచి, ఒక బస్సును తెచ్చి ఫెవిక్విక్‌తో అతికిస్తారు. ఇక అది ఈ జన్మలో కదలదు. సాయంత్రం పూట అమీర్‌పేటకు ఇంతకంటే నిజమైన నమూనా దొరకదు, ఒప్పుకుంటాను. కానీ బస్సు మర్యాద ఏమైనట్టు?

పైగా హైదరాబాదులో ఈ చిన్నచూపు బొత్తిగా చెల్లదు. ఈ ఊళ్ళో బస్సును కన్నదే రైలు. నిజాం స్టేట్ రైల్వే తన కిందే రోడ్డు రవాణా శాఖ ఒకటి పెట్టి, 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో సర్వీసులు మొదలెట్టింది. 1951 నవంబరులో ప్రభుత్వం చేతికి పోయేదాకా బస్సు పుట్టింట్లోనే పెరిగింది. 1958లో ఏపీఎస్ఆర్టీసీ, రాష్ట్రం విడిపోయాక టీఎస్ఆర్టీసీ, ఇప్పుడు టీజీఎస్ఆర్టీసీ. ఇంటిపేరు ఎన్నిసార్లు మారినా నంబరు ప్లేటు మీద జెడ్ అక్షరం మాత్రం మారలేదు. ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు నిలవాలని ఆ అక్షరం పెట్టించారని చెప్పుకుంటారు. మా అమ్మ పేరు నేనేమో కుక్కర్ మూత మీద చెక్కించగలిగాను. రాజు రాజే.

మాది రహమత్ నగర్‌లో మూడో అంతస్తు మీద రేకుల గది. పది అడుగులకు పన్నెండు. అద్దెకిచ్చేటప్పుడు దీన్ని పెంట్‌హౌస్ అన్నారు. జూబిలీహిల్స్ పక్కనే ఉన్నాం కాబట్టి గాలికి ఆ భాష కూడా ఇటు కొట్టుకొస్తుంది. ఆ గదిలోనే నా రైల్వే. కొలత హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు. ప్రపంచంలో ఎక్కువమంది నడిపే కొలత ఇదే. ఇరవై నాలుగు బోగీల ఎక్స్‌ప్రెస్ అసలైతే ఆరు వందల మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఎనభై ఏడుతో భాగిస్తే ఏడు మీటర్లు. గోడల వెంబడి గుండ్రంగా పట్టా వేసి నడిపితే, డ్రైవరుకు ఎదురుగా తన బండి గార్డే జెండా ఊపుతూ కనిపిస్తాడు. ఇంజను సికింద్రాబాదు వదలకముందే ఆఖరి బోగీ కాజీపేటలో ఉంటుంది. అదే పన్నెండు మీటర్ల సిటీ బస్సనుకోండి, పద్నాలుగు సెంటీమీటర్లు కూడా రాదు. పెన్సిల్ డబ్బాలో పడుకుంటుంది. ఇరుకింటివాళ్ళ వాహనం బస్సే అని నేను తేల్చుకున్నది అప్పుడే.

మోడల్ రైల్వేకు ఊరొక్కటే చాలదు, సంవత్సరం కూడా ఉండాలి. నేను 2003 ఎంచుకున్నాను. ఆ ఏడాది ఆగస్టు 9న ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది, మాకు బోరబండ స్టేషన్ దక్కింది. డబుల్ డెక్కర్లు ఊరికి సెలవు చెప్పింది కూడా ఆ రోజుల్లోనే. సికింద్రాబాదు నుంచి జూపార్కుకు పోయే 7జెడ్ మేడ మీద ముందు సీటు కోసం పిల్లలే కాదు, పిల్లల్ని వంకగా వెంటబెట్టుకొచ్చిన తండ్రులూ కొట్టుకునేవాళ్ళు. అంతెందుకు, ‘ఒక్కడు’ కోసం చార్మినార్‌నే మళ్ళీ కట్టారు, ఆ సినిమా విడుదలైందీ ఆ ఏడే. చార్మినార్‌కే నకలుండగా బోరబండకు ఉంటే తప్పేమిటి?

తప్పు పట్టాల్లో బయటపడింది. హెచ్‌ఓ పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఎనభై ఏడుతో గుణిస్తే 1435. మన రైల్వే బ్రాడ్‌గేజి 1676. అంటే ఆ పట్టాల మీద ఎంఎంటీఎస్‌ను నిలబెడితే రెండు పక్కలా కలిపి దాదాపు ముప్పావు అడుగు కోసేసినట్టు. మరి 1435 అచ్చంగా ఎవరిదయ్యా అంటే, మన మెట్రోది! 2019లో యూసుఫ్‌గూడ మీదుగా హైటెక్ సిటీకి పోయిన ఆ మెట్రో, 2003లోకి సెంటీమీటరు తేడా లేకుండా సరిపోతోంది. ఇంగ్లండులో వాళ్ళు ఇదే పట్టా మీద 76వ వంతు బళ్ళు నడుపుతారు. వాళ్ళ రైళ్ళు సన్నని కాళ్ళ మీద లావుపాటి పెద్దమనుషుల్లా పోతుంటాయి. దాని మీద అక్కడ తరాల తరబడి తగువులున్నాయి. ఆ తగువు రేకుల గదిలోకి ఎందుకని మెట్రోనే వేశాను. “ఎవరొచ్చి కొలుస్తారండీ?” అంది మా ఆవిడ. ఎవరూ రారు. నేనే కొలుస్తాను, అదే బాధ.

ఇక గుట్ట. మా పక్క గల్లీలు కొన్ని ఎక్కాలంటే మనిషికే ఆయాసం. మోడల్ రైలయితే వంద సెంటీమీటర్లకు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు దాటితే చాలు, చక్రాలు తిప్పుతూ ఉన్నచోటే ఉంటుంది. అందుకే గుట్ట మీదికి రోడ్డు, రోడ్డు మీదికి బస్సు. గుట్ట చెయ్యడానికి కృష్ణానగర్ నుంచి సినిమా సెట్లు వేసే కుర్రాణ్ణి పిలిచాను. థర్మోకోల్ పలకలు, పీఓపీ సంచీతో దిగాడు. మొదటి ప్రశ్న, “హీరో ఎక్కుతాడా సార్, దూకుతాడా?” ఎక్కే కొండకు లోపల కర్రలు బిగించాలట, దూకే కొండకు కింద పరుపులు పరవాలట. ఎవరూ ఎక్కరు, ఒక బస్సు పోతుంది అన్నాను. “ఓహో, బస్సా. మరి బ్లాస్ట్ ఎన్నో రోజు సార్?” బ్లాస్ట్ లేదని నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు. గుట్ట మాత్రం అద్భుతంగా వచ్చింది. బండరాళ్ళు, మధ్యలో తుమ్మ చెట్లు, అన్నీ కుదిరాయి. పైనుంచి నేనడగని జలపాతం ఒకటి దూకుతోంది. “పాట పెట్టుకోవాలంటే పనికొస్తది సార్,” అన్నాడు.

బస్సును కదిలించే మార్గం జర్మన్లు ఎప్పుడో కనిపెట్టారు. ఫాలర్ అనే కంపెనీ 1989లో తెచ్చింది. రోడ్డు లోపల ఇనుప తీగ పాతుతారు. బస్సు ముందు చక్రాల దగ్గరున్న అయస్కాంతం ఆ తీగను పట్టుకుని పోతుంది. స్టాపు దగ్గర రోడ్డు కింద చిన్న కాయిల్ ఉంటుంది, కరెంటు ఇస్తే బస్సు ఆగిపోతుంది. నేనూ అదే తెచ్చి, నా బస్సు తలమీద 10హెచ్, సికింద్రాబాద్ టు కొండాపూర్ అని బోర్డు రాశాను. ప్లేటు మీద జెడ్ దిద్దడానికి కుంచెలో ఒక్క వెంట్రుక మిగిల్చి తతిమ్మావి కత్తిరించాల్సి వచ్చింది. మీట నొక్కాను. బస్సు యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు నుంచి వచ్చి, స్టాపు షెల్టరు ముందు, తలుపు సరిగ్గా జనానికి ఎదురుగా వచ్చేలా ఆగింది.

నాకు ఒళ్ళు మండింది. ఇదేం బస్సు? ఏ ఊరిది? కాయిల్ తవ్వి తీసి, షెల్టరుకు ఒక అడుగు అవతల పాతాను. బల్ల మీద అడుగంటే రోడ్డు మీద ఎనభై ఏడు అడుగులు. టిఫిన్ డబ్బా చంకలో, చెప్పు చేతిలో పట్టుకుని, ‘హోల్డాన్’ అని అరుస్తూ మనిషన్నవాడు పరిగెత్తే దూరం అదే. ఇప్పుడు కళ్ళకు ఇంపుగా ఉంది.

జనం కూడా జర్మనీ నుంచే రావాలి. ప్రైజర్ అనే కంపెనీ పోసిన బొమ్మలు, ఒక్కొక్కరు రెండు సెంటీమీటర్లు కూడా ఉండరు. అందరికీ కోట్లు, టోపీలు. రహమత్ నగర్ ఎండలో ఎలా తట్టుకుంటారని కోట్లను చొక్కాలు చేశాను, ప్యాంట్లను లుంగీలు చేశాను. గొడుగు పట్టుకున్న దొరసానికి నల్లరంగు వేసి బుర్ఖా తొడిగాను. బ్రీఫ్‌కేసు పెద్దమనిషిని ఏం చెయ్యాలో తోచక, కథ వినిపించడానికి ఫిల్మ్‌నగర్ పోతున్న రచయితగా వదిలేశాను.

మొన్న మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వంగి, బస్సు కిటికీలోంచి చూసింది.

“సీట్లన్నీ మగవాళ్ళవేనేం? ఆడవాళ్ళందరూ స్టాపులోనే ఉన్నారు?”

“ఇది 2003 బస్సు. మీ ఉచిత ప్రయాణాల మహాలక్ష్మి పథకం వచ్చింది 2023 డిసెంబరు 9న.”

“అయితే ఆ వెనకాల పోతున్న మెట్రో ఎప్పటిదండీ?”

జవాబు నా దగ్గర లేదు. ఆవిడ పట్టకారు తీసుకుంది. బస్సు పైకప్పు ఊడదీసి, సీట్లలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే పెకలించి, స్టాపులోని ఆడవాళ్ళను లోపల సర్దింది. మగవాళ్ళను తెచ్చి ఫుట్‌బోర్డు మీద అతికించింది. కూర్చున్నట్టుగా పోసిన బొమ్మలు కదా, మోకాళ్ళు మడుచుకుని, నడుం వెనక్కి పడి, గాల్లో వేలాడుతున్నారు. ఫుట్‌బోర్డు మీద మనిషి ఉండేది అచ్చం అలాగే. నేను అన్నేళ్ళ కొలతలతో సాధించలేనిది ఒక్క పట్టకారుతో కుదిరింది.

“పాపం, పడిపోతారేమో,” అన్నాను.

“జర్మనీ నుంచి ఇక్కడిదాకా కూర్చునే వచ్చారుగా,” అంది ఫెవిక్విక్ మూత పెడుతూ.