అద్దె తలపాగా

మా ఊరి దగ్గరి యూనివర్సిటీలో భిన్న సంస్కృతుల దినోత్సవం పెట్టి నన్ను జడ్జిగా పిలిచారు. సంస్కృతి గురించి నాకేం తెలుసని అడిగితే, "పేపర్ల రాస్తరు గద సార్, చాలు" అన్నారు. అంతకన్నా అర్హత ఏముంటుందిలే అని పోయాను.

2015లో పటేల్ జయంతి నాడు ప్రధాని 'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' ప్రకటించారు. ఆ లెక్కన రాష్ట్రాలకు జతలు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్ కుదిరింది, తెలంగాణకు హర్యానా. జాతకాలు ఎవరు చూశారో తెలియదు గానీ, సంసారం చేసే బాధ్యత మాత్రం కాలేజీల మీద పడింది. క్లబ్బు పెట్టాలి, జత రాష్ట్రం పాటలు పాడాలి, వంటలు వండాలి, వాళ్ల భాషలో వంద వాక్యాలు నేర్చుకోవాలి. హర్యానా భాష ఏదో తేల్చడానికి కమిటీ మూడుసార్లు కూర్చుంది, మూడుసార్లూ సమోసాలు తిన్నది. 'దంగల్'లో ఆమిర్ ఖాన్ మాట్లాడిందే ఆ భాష అని చివరికి తీర్మానించింది.

తలపాగాలు అద్దె డ్రెస్సుల షాపు నుంచి వచ్చాయి. అక్కడ ఉండేది ఒకటే రకం. గిరాకీని బట్టి అదే పంజాబ్, అదే రాజస్థాన్, లగ్గాల సీజన్లో అదే పెండ్లికొడుకు. ఆ రోజుకు హర్యానా.

తర్వాత గుస్సాడీ. దీపావళి వేళ దండారీ పండుగలో రాజ్‌గోండులు నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఆడే ఆట ఇది. అది దీక్ష. పండుగ ముగిసేదాకా స్నానం కూడా చేయరు. మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ తెచ్చిందీ ఈ ఆటే. మనవాళ్లు దాన్ని ఫిబ్రవరిలో ఆడించారు. మార్చిలో కాలేజీలకు గ్రేడ్లు వేసే నాక్ బృందం వస్తోంది మరి. దీక్ష సంగతేమిటని కన్వీనర్ గారిని కదిపాను. "హాస్టల్లో నీళ్లు రాక మూడు రోజులైంది సార్, ఆ నియమానికి ఢోకా లేదు" అన్నారు.

లంబాడీ నృత్యం ఎనిమిది మంది అమ్మాయిలు ఆడారు. ఎనిమిది మందిలో లంబాడీ ఒక్కరూ లేరు. మార్కుల కాగితాలు అందిస్తున్న అమ్మాయిది తండా అట. ఎందుకు ఆడలేదమ్మా అంటే, "రిహార్సల్‌కు పోయిన సార్. మా నానమ్మ నేర్పినట్టు ఆడితే స్టెప్పు తప్పన్నరు. యూట్యూబ్‌ల అట్ల లేదట" అంది. నేను ఆ ఎనిమిది మందికీ మార్కులు వేశాను. మొదటి బహుమతి కూడా వాళ్లకే. సిగ్గు నాకు కొత్త కాదు.

అప్పటికి నాక్ వారి ప్రమాణాలు ఏడు. ఏడోది విలువలు. విలువలున్నాయని నోటితో చెబితే కుదరదు, ఫొటో కావాలి. ఫొటో మీద అక్షాంశ రేఖాంశాలుండాలి. భూగోళం మీద ఫలానా చోట, ఫలానా పూట, పదకొండు గంటల ఇరవై నిమిషాలకు సామరస్యం కనబడిందని రుజువన్నమాట. ఫోన్లో లొకేషన్ ఆన్ చేయడం మరిచినందుకు పాపం హర్యానా రెండుసార్లు నాట్యం చేసింది.

తిండి స్టాళ్లు ఏడు. ఏడు రాష్ట్రాల పేర్లు, ఏడు గిన్నెల్లోనూ పనీరు. 2012లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ పెడితే కొట్లాటల దాకా పోయింది కదా, మాంసం మాటెత్తితే ఎటు పోతుందోనని కమిటీ భయం. పనీరును చూసి అలిగిన కులం గానీ పార్టీ గానీ ఇంతవరకు లేదు. పోనీ, గోంగూరైనా పెట్టొచ్చు కదా అన్నాను. "అది మనదే కద సార్, అది సంస్కృతి కిందికి రాదు" అన్నారు.

శాలువా, మెమెంటో, ఇంకో ఫొటో అయ్యాక బయటపడ్డాను. గేటు దగ్గర కుర్ర గార్డు నా బండి పక్కనే నిలబడ్డాడు. మొహం చూసి, నాకొచ్చిన హిందీలో ఏ ఊరని అడిగాను.

"మాది అస్సాం సార్" అన్నాడు, తెలుగులో.

లోపలికి పోయి డాన్సులు చూడలేదా అన్నాను.

"ఐడీ కార్డున్నోళ్లకే అన్నరు సార్. మీరు బండి జెర అటు జరుపుండ్రి. గా బ్యానర్ మీద పడేటట్టున్నది."