బొటనవేలికి సున్నం

నేను విజిల్‌ని. మోమిన్‌పేట్‌లో ఓ పీఈటీ సార్ మెడలో నల్లతాడుకు వేలాడుతుంటాను. నా కడుపులో చిన్న బెండు గోళీ ఉంది. సార్ ఊదితే అది గిరగిరా తిరుగుతుంది. ఆ తిరుగుడే నా గొంతు.

నా బంధువుల్లో గోళీ లేనివాళ్లూ ఉన్నారు. 1984లో బ్రెజిల్‌లో ఒలింపిక్ అర్హత పోటీ ఆడిస్తూ కెనడా రెఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ విజిల్ ఊదితే, గోళీ ఇరుక్కుని అది మోగలేదు. ఆ బాధతో ఆయన గోళీ లేని విజిల్ చేయించాడు. 1987లో అది బజారుకొచ్చింది. ఆ కథ తలుచుకుంటే నా గోళీ బరువెక్కుతుంది. కానీ మోగలేకపోవడం వేరు, మోగకుండా ఆగడం వేరు. నేను నేర్చుకున్నది రెండోది. బాస్కెట్‌బాల్ కోర్టులో, ఫ్రీ త్రో గీత దగ్గర నేర్చుకున్నాను.

మా కోర్టు మట్టిది. పోటీ ఉన్న పొద్దున సార్ టేపు పట్టి, బోర్డు వెనక గీత నుంచి 5.80 మీటర్లు కొలిచి, 3.60 మీటర్ల పొడవున సున్నం పోస్తారు. బంతి చేతికొచ్చాక వేసే పిల్లకు 5 సెకన్లు. బంతి రింగుకు తగిలేదాకా ఆమె కాలు ఆ గీతను ముట్టకూడదు. పక్క వరుసల్లో నిలబడ్డవాళ్లు మాత్రం బంతి ఆమె చేయి వదలగానే లోపలికి దూకొచ్చు. వాళ్ల గడువు చేయి, ఆమె గడువు రింగు.

కొత్తలో సార్ తొందరపడేవారు. ఎదుటి జట్టు పిల్ల ముందే అడుగేస్తే చాలు, నన్ను మోగించేవారు. వేసే పిల్ల ఉలిక్కిపడి బంతిని ఎటో విసిరేది. మళ్లీ వేయించినా ఆ చేతి వణుకు పోయేది కాదు. ఆ కేకలు నావే కనుక నాకిప్పటికీ నొప్పిగానే ఉంటుంది. తర్వాత ఆయన రూల్సు పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు, ఆగడం మొదలుపెట్టారు. బంతి పడిందా, పక్కవాళ్ల తొందర లెక్కలోకి రాదు, పాయింటు పాయింటే. పడకపోతే, తప్పు ఎదుటివాళ్లదైతే మళ్లీ వేయించాలి. ఆఖరి త్రోలో సొంత జట్టుదైతే బంతి అవతలివాళ్లకు పోతుంది. రెండు జట్లదీ అయితే బంతి ఎవరి వంతో స్కోరర్ బల్ల మీది బాణం చెబుతుంది.

ఓ సాయంత్రం తాండూరు పిల్లలు ఆడటానికొచ్చారు. స్కోరు సమానం. మా పిల్లకు ఆఖరి త్రో. బంతి చేయి వదలకముందే అటొకరు, ఇటొకరు లోపలికి అడుగేశారు. సార్ ఊపిరి నాలోకి రాలేదు. బంతి రింగు మీద ఠంగుమని, చుట్టూ తిరిగి, లోపల పడింది.

తాండూరు కెప్టెన్ ఉరికొచ్చి మా పిల్ల పాదం చూపించింది. బూట్లు లేని కాలు. బొటనవేలికి తెల్లగా సున్నం.

“గీత దొక్కింది సార్, సూడుండ్రి! మీ ఊరి పిల్ల అనే గదా ఊదలేరు?”

ఆ మాటకు సార్ గుండె దడదడలాడింది. ఆయన ఛాతీ మీద ఉండే నాకు తెలియదా? వేసిన పిల్ల తప్పు చేసి ఉంటే పాయింటు పోతుంది, లోపలికి దూకిన ఇద్దరి సంగతి ఎవరూ అడగరు. చేయకపోతే బంతి పడింది కనుక అప్పుడూ అడగరు. తీర్పంతా ఆ ఒక్క వేలి మీదే.

“సున్నం అంటింది బిడ్డా, నిజమే. ఎప్పుడంటింది?”

సున్నం చోటు చెబుతుంది, వేళ చెప్పదు. ఆ క్షణాన సార్ చూపు గీత మీద, చెవి రింగు మీద ఉన్నాయి. ఠంగుమన్నాకే వేలు వాలింది. పాయింటు నిలిచింది. తాండూరు వాళ్లు తమ వెనక గీత అవతల నుంచి బంతి అందుకున్నారు గానీ, ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

ఆట ముగిసినా ఆ కెప్టెన్ కదల్లేదు.

“నాకైతే నమ్మబుద్ధి అయితలేదు సార్.”

సార్ కోప్పడలేదు. గీత మీద మళ్లీ సున్నం పోసి, బూట్లు విప్పి, తనే బంతి పట్టుకున్నారు. మొదటిసారి రింగు మోగాక కాలు పెట్టారు. రెండోసారి కావాలనే ముందు పెట్టారు. రెండుసార్లూ వేలికి సున్నం ఒక్కతీరుగానే అంటింది. ఆ పిల్ల వంగి ఆ వేలినే చాలాసేపు చూసింది.

సార్ నన్ను మెడలోంచి తీసి ఆమె చేతిలో పెట్టారు. “ఇప్పుడు నువ్వే ఊదు.”

ఆమె నన్ను చున్నీ అంచుతో తుడిచి పళ్ల మధ్య పెట్టుకుంది. మూడో బంతి గాల్లోకి లేచింది. ఆమె ఊపిరి నా అంచుదాకా వచ్చి ఆగింది. రింగు ఠంగుమంది.