చదివింపుల మైకు

మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే పెద్దమనిషి కవరు చేతిలో పడ్డాకే పేరు పుస్తకంలోకి ఎక్కిస్తాడు. కోల్‌కతా న్యూటౌన్‌లో, బిశ్వ బంగ్లా కన్వెన్షన్ సెంటర్లో జరిగే బెంగాల్ ప్రభుత్వ పెట్టుబడుల సదస్సులో ఆ చాదస్తం లేదు. ‘ఇద్దామనుకుంటున్నాం’ అని అవగాహన పత్రం (ఎంఓయూ) రాస్తే చాలు, మైకులో చదివేస్తారు. 2023లో 3.76 లక్షల కోట్లు, 2025లో 4.40 లక్షల కోట్ల రూపాయల ప్రతిపాదనలు! అందులో స్వదేశీ, విదేశీ అన్నీ కలిసే ఉంటాయి. విదేశీ సొమ్ము వరకే చూస్తే, 2019 అక్టోబరు నుంచి కేంద్రం రాష్ట్రాల వారీగా కడుతున్న లెక్కలో మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్‌లే సగానికి పైగా పట్టుకుపోయాయి. బెంగాల్‌కి నూటికో రూపాయి రాలడమే గగనం. మనం మరీ నవ్వక్కర్లేదు లెండి, విశాఖ బీచి రోడ్డులో పెట్టుబడుల సదస్సు ఫ్లెక్సీలు చూసిన కళ్లే కదా మనవి!

పోనీ, ఆ విదేశీ సొమ్ము నిజంగానే వచ్చిందనుకుందాం. పరాయి డబ్బు దిగితే పేదదేశం దానంతటదే ఎదుగుతుందని వేదిక మీది పురోహితుల మంత్రం. కోల్‌కతాకి ఆ పరాయి డబ్బనే అల్లుడు కొత్తేం కాదు.

1849లో ఈస్టిండియన్ రైల్వేకి ఈస్టిండియా కంపెనీ దొరలు రాసిచ్చిన కట్నం కాగితం చూడండి. లండన్ వాటాదారుల పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి ఖాయం. బండి అంత సంపాదించకపోతే తక్కువ పడ్డది ఇక్కడి ఖజానా పూడుస్తుంది. ఖజానా అంటే ఎక్కువగా రైతు కట్టిన శిస్తే. అల్లుడు పనికెళ్లినా మానినా పండక్కి పట్టుబట్టలు తప్పవు. ఇక ఖర్చు అదుపు చేయాలన్న బెంగ అతనికెందుకు? ఈ ఊరివాడే అయిన రమేశ్ చంద్ర దత్తు తన ఆర్థిక చరిత్రలో ఈ ఏర్పాటుని ఉతికి ఆరేశాడు.

అసలు తమాషా ఇంకోటుంది. బోగీలు తెస్తున్న గుడ్విన్ ఓడ హుగ్లీ ముఖద్వారం దగ్గర మునిగిపోయింది. ఇంజను దారితప్పి ఆస్ట్రేలియా చూసొచ్చింది. చివరికి కలకత్తాలో గుర్రబ్బగ్గీలు చేసే షెడ్లలోనే బోగీలు కట్టించారు. 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి బండి కదిలింది. పెట్టెలు మునిగాయి గానీ వడ్డీ మాత్రం తేలింది.

ఇదంతా పాత కథ అంటారా? ఆర్థికవేత్తలు ఈశ్వర్ ప్రసాద్, రఘురామ్ రాజన్, అరవింద్ సుబ్రమణియన్ 2007లో లెక్కలు తీస్తే, వర్ధమాన దేశాల్లో పరాయి సొమ్ము మీద తక్కువ ఆనినవే ఎక్కువ ఎదిగినట్టు తేలింది. డబ్బు చెడ్డదని కాదు వాళ్లు చెప్పింది. బ్యాంకులూ పరిశ్రమలూ సరిగా లేని ఇంట్లో అది పెద్దగా ఇమడదని వాళ్ల అనుమానం. దాన్ని వాడుకోగల చేయి ఇక్కడ ఉండాలిగా!

వచ్చే సదస్సులో ఆ బగ్గీషెడ్డు వడ్రంగి వారసుడెవడైనా ముందు వరసలో కూర్చుంటానంటే, గేటు దగ్గర మొదట అడిగేది, ‘ఎంఓయూ ఏదీ?’